ఓయుగి మాస్టారి చెక్క బిళ్ళ

శవం కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

ఎదురుగా గోడకు నల్లబల్ల. మెడలో ఒక చెక్క బిళ్ళ.

చీఫ్ ఇన్‌స్పెక్టర్ కన్సొలాటా అజ్వాంగ్ గుమ్మంలోనే ఆగిపోయింది. ముందు బిళ్ళను చూసింది. తర్వాత మనిషి ముఖం చూసింది.

డెబ్బై దాటిన వయసు. తెల్ల చొక్కా. టై. ఒంటరిగా ఇంట్లో ఉన్నా టై కట్టుకునే రకం. టై ముడి సరిగ్గానే ఉంది. దాని కింద మాత్రం రెండు గుండీలు విప్పి ఉన్నాయి. తల వెనక జుట్టులో రక్తం గడ్డకట్టింది.

"జబ్లోన్ ఓయుగి," అన్నాడు సార్జెంట్ బరాసా. "రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు. గ్రామర్ ఓయుగి అంటే ఈ సరస్సు చుట్టుపక్కల తెలియనివాడు లేడు మేడమ్. పొద్దున ఏడింటికి పాలు తెచ్చిన పక్కింటావిడ చూసింది."

"తలుపు?"

"తెరిచే ఉంది."

"ఏమైనా పోయిందా?"

"పోవడానికి ఏముంది? రెండు కుర్చీలు, ఒక కుట్టుమిషను, ఒక రేడియో. మిగతావన్నీ పుస్తకాలు. గ్రామర్ ఎత్తుకుపోయే దొంగ ఇంకా పుట్టలేదు మేడమ్."

అజ్వాంగ్ నవ్వలేదు. గదంతా ఒకసారి కలియజూసింది. రెండో కుర్చీ మీద దుమ్ము పొరగా పేరుకుని ఉంది. అందులో ఎవరూ కూర్చుని ఏళ్ళయినట్టుంది. షెల్ఫ్‌లో రేడియోకి వెనక మూత లేదు. కిటికీ కింద పాతకాలపు కుట్టుమిషను. దాని ఇనప తొక్కుడు పలక అంచుకు నల్లగా ఎండిన రక్తం.

మిషను నుంచి కుర్చీ దాకా నేల మీద ఈడ్చిన జాడ.

"పడింది అక్కడ," అంది ఆమె. "ఎవరో తోసి ఉండాలి. తర్వాత లేపి ఇక్కడ కూర్చోబెట్టారు. బిళ్ళ వేశారు."

బిళ్ళ అరచెయ్యంత ఉంది. మీద ఇంగ్లీషు అక్షరాలు కాల్చిన ఇనుముతో రాసినవి. 'తెలివితక్కువవాణ్ణి. ఇంటి భాషను బడికి తెచ్చాను.' కిత్తనార తాడు. తాడుకు, బిళ్ళ అంచులకు తారు. ఇంకా జిగటగా ఉంది.

ఆ బిళ్ళ ఏమిటో అజ్వాంగ్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె కూడా మోసింది. ఆమె చదివింది కిసుము పట్నంలో. బడిలో ఇంటి భాష లువోలో ఒక్క మాట నోరు జారినా బిళ్ళ వచ్చి మెడలో పడేది. నువ్వు ఇంకొకణ్ణి పట్టుకుంటేనే నీకు విడుదల. సాయంత్రానికి ఎవరి దగ్గర ఉంటే వాళ్ళకి బెత్తం. మెడలో అది ఊగుతుంటే మైదానం మొత్తం నవ్వేది.

నల్లబల్ల మీద సుద్దతో ముత్యాల్లాంటి అక్షరాలు. 'ది ఓల్డ్ మేన్ ఇన్ ది హౌస్.' ఇంట్లో ఉన్న ముసలాయన. దాని పక్కన ఒక పొడుగు గీత. ఖాళీ.

"ఇదేంటి మేడమ్, సగంలో ఆపేశాడు?"

"ఇది ఫ్రేజ్. వాక్యం కాదు. ముసలాయన ఉన్నాడు, ఇల్లు ఉంది. ఏం చేశాడో లేదు. ఆ గీత దగ్గర క్రియ రావాలి."

"రాసేలోపే చంపేశారన్నమాట."

"లేదు. సుద్ద మీద దుమ్ము ఉంది. ఇది రాసి చాలా రోజులైంది."

బరాసా టోపీ సర్దుకున్నాడు. "నాకైతే కేసు అయిపోయినట్టే ఉంది మేడమ్. ఈ బిళ్ళ కథ ఊరందరికీ తెలుసు. ఒక్క కుర్రాడు మాత్రం దీన్ని తిరిగివ్వలేదు. బడి మానేసి బిళ్ళతోపాటు మాయమయ్యాడు. మాస్టారే ప్రతి సభలోనూ ఈ కథ చెప్పి జనాన్ని నవ్వించేవాడు. ఆ కుర్రాడు ఇప్పుడు పడవలు కడతాడు. పేరు ఎలీషా ఓగుటు. నిన్న సాయంత్రం సైకిలేసుకుని ఇటే వచ్చాడు. చూసినవాళ్ళు నలుగురున్నారు."

*

ఎలీషా ఓగుటు పారిపోలేదు. ఒడ్డున బోర్లించిన పడవ కింద పడుకుని పలకల సందుల్లో దూది కుక్కుతున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. పెద్ద శరీరం. చేతులు మోచేతుల దాకా తారు.

మాస్టారు పోయారని చెబితే దూది కుక్కడం ఆపేశాడు. పడవ కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు.

స్టేషన్లో బల్లకు అవతల కూర్చోబెట్టారు. మాటలన్నీ స్వాహిలీలో. డ్యూటీలో అదే అలవాటు.

"నిన్న మాస్టారి ఇంటికి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఎందుకు?"

"రమ్మని కబురు పంపారు."

"బిళ్ళ నువ్వే తీసుకెళ్ళావా?"

"నేనే. పాత తాడు పుచ్చిపోయింది. కొత్త కిత్తనార పేని, నిన్న పొద్దున్నే తారులో ముంచాను."

"ఇన్నేళ్ళ తర్వాత బిళ్ళకి ఆ ముస్తాబెందుకు?"

"అప్పగించేటప్పుడు వస్తువు బాగుండాలి కదా."

"ఆయన మెడలో వేసింది నువ్వేనా?"

ఓగుటు తల ఎత్తాడు. "మెడలోనా?" అన్నాడు. అతని కుడిచెయ్యి దానంతటదే ఎడమ చంక కిందికి వెళ్ళి, తిరిగి బల్ల మీదికి వచ్చింది.

"అవును. మెడలో."

"నేను వెయ్యలేదు. చేతికిచ్చాను. ఆయన పుచ్చుకున్నారు."

"ఎందుకిచ్చావు?"

"రూల్ రూలే."

"ఏ రూలు?"

ఓగుటు గోటి సందులోని తారు గీక్కున్నాడు.

"ఏం మాట్లాడుకున్నారు మీరిద్దరూ?"

"అది శనివారం తర్వాత చెబుతాను మేడమ్. మాటిచ్చాను."

బరాసా పగలబడి నవ్వాడు. "శుక్రవారమే నిన్ను కోర్టులో నిలబెడతారయ్యా పెద్దమనిషీ. హత్య కేసు. శనివారానికి నువ్వు జైల్లో చిప్ప కడుగుతుంటావు. ఎవరికిచ్చావు మాట?"

"మాస్టారికి."

"ఆయన పోయాడుగా!"

"అందుకే మరీ తప్పకూడదు," అన్నాడు ఓగుటు. ఆ తర్వాత నోరు విప్పలేదు.

*

పక్కింటి పెర్పెతువా మాత్రం నోరు మూయలేదు.

"ఓగుటు చంపాడా? వాడు చేపకి గాలం గుచ్చుకుంటేనే కళ్ళు మూసుకుంటాడు తల్లీ! చిన్నప్పుడు మేమంతా ఒకే బెంచీ."

"నిన్న అతను ఎప్పుడు వెళ్ళాడు?"

"పొద్దు ఇంకా ఉంది. సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయాడు. వాడికి దారిలో మేక కనబడ్డా బెల్లు కొడతాడు."

"తర్వాత మాస్టారిని చూశారా?"

"చూడలేదు. ఆరబెట్టిన ఒమెనా చేపలు ఎత్తుకుంటున్నా. మాస్టారింట్లో రేడియో మోగుతోంది. మన లువో జోలపాట. నాకే ఆశ్చర్యమేసింది. ఆ ఇంట్లో లువో పాటా అని."

"ఎందుకు ఆశ్చర్యం?"

పెర్పెతువా కొంగుతో మూతి తుడుచుకుంది. గొంతు తగ్గింది. "ఇంట్లో కూడా ఇంగ్లీషే అని ఆయన రూలు. ఆయన భార్య సాలోమేకి ఇంగ్లీషు ముక్క రాదు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఏదో అంటే ఈయన తప్పు దిద్దాడు. మళ్ళీ అంటే మళ్ళీ దిద్దాడు. ఆ తల్లి మాట్లాడటమే మానేసింది. మొగుడు ఏదడిగినా తలూపడమే. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి కుట్టుమిషను ఒక్కటే మాట్లాడింది. ఆమె పోయాక అదీ లేదు."

"పాట వినిపించినప్పుడు ఎవరైనా వచ్చారా?"

"చేపలు పట్టుకుని వెనక వాకిట్లోకి పోయాను. అక్కణ్ణుంచి రోడ్డు కనబడదు."

"బిళ్ళ ఎప్పుడైనా మోశారా మీరు?"

"మొయ్యకపోవడమేంటి! మూడో క్లాసంతా నాదే." ఆమె నవ్వింది. నవ్వుతూ ఎడమ చంకను తడుముకుంది.

అజ్వాంగ్ చూసింది. చెమట పట్టిందేమో అనుకుంది.

*

ఊరి బయట కొత్త భవనం. కొత్త రంగు. గేటు మీద మనిషెత్తు అక్షరాలు. 'ఓయుగి ఇంగ్లీష్ అకాడమీ. ఈ గేటు లోపల ఇంగ్లీషు మాత్రమే.' శనివారం ప్రారంభం, మాస్టారి ప్రసంగంతో. షామియానాలు అప్పుడే లేచాయి.

డైరెక్టర్ క్లెమెంట్ ఒమోలో ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. నలభై లోపు. తెల్లటి కఫ్‌లు. మెత్తటి చెయ్యి. ఆ చేతికి కిరసనాయిలు వాసన.

"ఘోరం మేడమ్. ఆయన నాకు తండ్రిలాంటివాడు. క్షమించండి, చేతులు కంపు కొడుతున్నాయి. రాత్రి కరెంటు పోతే లాంతరు వెలిగించాను."

బరాసా కప్పు వైపు చూశాడు. దాని నిండా సోలార్ పలకలు మెరుస్తున్నాయి.

"చివరిసారి ఆయన్ని ఎప్పుడు కలిశారు?"

"ఆదివారం. చర్చి తర్వాత."

"నిన్న?"

"నిన్న సాయంత్రం ఇక్కడే ఉన్నాను. ఒక్కణ్ణే."

గోడ మీద పెద్ద పటం. మాస్టారి పాఠాన్ని రంగుల్లో అచ్చు వేయించారు. మొదటి బొమ్మలో పడవ. అందులో ముగ్గురు. తెడ్డు లేదు. కింద 'ఫ్రేజ్' అని రాసి ఉంది. రెండో బొమ్మలో అదే పడవ. వాళ్ళల్లో ఒకడి చేతికి తెడ్డు వచ్చింది. వెనక నీటి మీద గీత. 'వాక్యం.'

"ఎంత తేలికగా చెప్పారో చూడండి," అన్నాడు క్లెమెంట్. "మాటలు కలిసి కూర్చుంటే ఫ్రేజ్. తెడ్డు పడితే వాక్యం. నామవాచకం చుట్టూ చేరితే నౌన్ ఫ్రేజ్. 'ఇంట్లో', 'ఒడ్డున' అని చోటు చెబితే ప్రిపొజిషన్ ఫ్రేజ్. ఈ పటం చూసే తల్లిదండ్రులు పిల్లల్ని చేర్పిస్తున్నారు. ఆ పేరే మా పెట్టుబడి."

"మీది ఏ ఊరు?"

"నాన్నది ఈ ఒడ్డే. నేను నైరోబీలో పుట్టాను. ఇంట్లో ఇంగ్లీషే."

"లువో?"

"దండం పెట్టడం వరకు వచ్చు." నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "పెళ్ళిళ్ళకి వెళితే ఓ మూల కూర్చుంటాను మేడమ్. అందరూ నవ్వుతుంటారు. దేనికో నాకు తెలియదు."

ఆ ఒక్క మాట మాత్రం అజ్వాంగ్‌కి నిజంలా వినిపించింది.

*

గురువారం మధ్యాహ్నం ఆమె క్వార్టర్స్‌లో ఒంటరిగా భోంచేస్తోంది. మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్ద, వేపిన చేప. ఒక కంచం, ఒక గ్లాసు. ఇక్కడికి బదిలీ అయి రెండేళ్ళు. ఆ కంచానికి ఇంతవరకు జత చేరలేదు.

ఫోన్ మోగింది. మార్చురీ డాక్టరు.

"దెబ్బ తొక్కుడు పలకదే. తోస్తే వెల్లకిలా పడ్డాడు. ఇంకో చిన్న సంగతి. బనీను మీద తారు మరక ఉంది. గుండ్రంగా. బిళ్ళ సైజుకి సరిపోతుంది."

"బిళ్ళ గుండెల మీద ఉంది కదా డాక్టర్."

"గుండెల మీద కాదు ఇన్‌స్పెక్టర్. ఎడమ చంక కింద. లోపలి వైపు. తాడు గీత కూడా భుజం మీంచి చంకలోకే ఉంది."

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

ఓగుటు చెయ్యి. పెర్పెతువా చెయ్యి. విప్పి ఉన్న రెండు గుండీలు.

ఆమె కంచం అలాగే వదిలేసి లేచింది. ముందు మాస్టారి ఇంటికి వెళ్ళింది. షెల్ఫ్‌లోంచి రేడియో తీసి వెనక్కి తిప్పింది. తర్వాత తిన్నగా లాకప్‌కి నడిచింది.

ఓగుటు గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆమె ఊచల ముందు నేల మీద కూర్చుంది. ఈసారి లువోలో పలకరించింది.

"అన్నం తిన్నావా అన్నా?"

ఓగుటు ఆమె వైపు వింతగా చూశాడు. "మీరు మనవాళ్ళేనా? నిన్నట్నించీ ఆ స్వాహిలీ వింటుంటే మీది మొంబాసా అనుకున్నా."

"డ్యూటీలో అలవాటు. ఒక్క సంగతి చెప్పు. మీరు శనివారం అనుకున్న సభ ఇక జరగదు. మాట్లాడాల్సిన మనిషే లేడు. నువ్వు ఎవరి కోసం దాస్తున్నావు?"

ఓగుటు ఊచల దగ్గరికి జరిగాడు.

"ఇన్నేళ్ళ తర్వాత పిలిచారు కదా, ఇంగ్లీషులో తిడతారనుకునే వెళ్ళాను," అన్నాడు చివరికి. "గుమ్మంలో నిలబడితే 'రారా ఎలీషా' అన్నారు. లువోలో! మాటలు వెతుక్కుంటున్నారు మేడమ్. చంటిపిల్లాడిలా. 'నాతో మాట్లాడేవాళ్ళు లేరురా' అన్నారు. 'సాలోమే మాట్లాడేది కాదు, నేనే మాట్లాడనివ్వలేదు. ఆ బల్ల మీద రాశాను చూడు. నేనూ ఒక ఫ్రేజ్‌నే. పడవలో కూర్చున్నాను, తెడ్డు లేదు' అన్నారు."

"శనివారం సంగతి?"

"సభలో లువోలో మాట్లాడతానన్నారు. ఆ గేటు మీంచి తన పేరు తీసెయ్యమంటానన్నారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆయన నన్ను అడిగిన సాయం అదొక్కటే."

"అప్పుడు బిళ్ళ ఇచ్చావు."

ఓగుటు పెదవుల మీదికి నవ్వు వచ్చింది. కళ్ళు తడిశాయి. "'మాస్టారూ, మీరు లువో మాట్లాడారు. రూల్ రూలే' అని చేతిలో పెట్టాను. ఎంత నవ్వారని! నవ్వి నవ్వి దగ్గొచ్చింది."

"ఆ బిళ్ళను ఆయన ఏం చేశారో అది చెప్పు."

ఓగుటు చెప్పాడు. అజ్వాంగ్ లేచి యూనిఫాం దులుపుకుంది.

*

అదే సాయంత్రం నాలుగింటికి మాస్టారి ఇంట్లో అందరూ చేరారు. ఓగుటు బేడీలతో. పెర్పెతువా గుమ్మం దగ్గర. క్లెమెంట్ కిటికీ పక్కన, వాచీ చూసుకుంటూ.

"మేడమ్, నాకు బోలెడు పనులున్నాయి. సభను సంతాప సభగా మార్చాలి. నేరస్తుడు దొరికాడు కదా?"

"ఒక్క పావుగంట సర్." ఆమె షెల్ఫ్ వైపు చూపించింది. "సార్జెంట్, ఆ రేడియో పెట్టు. పెర్పెతువా గారు మంగళవారం విన్న పాట మనమూ విందాం."

బరాసా మీట తిప్పాడు. శబ్దం లేదు. అటూ ఇటూ ఊపాడు. వెనక్కి తిప్పాడు.

"బ్యాటరీలే లేవు మేడమ్! స్ప్రింగులు తుప్పు పట్టి ఊడిపోయాయి. ఇది మోగి ఏ కాలమైందో!"

"ఈ ఇంటికి కరెంటు లేదు. బ్యాటరీలు లేవు. మరి పాట ఎక్కణ్ణుంచి వచ్చింది?"

పెర్పెతువా గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో దేవుడా. మాస్టారేనా పాడింది?"

"ఆయనే. ఓగుటు సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిన తర్వాత. అంటే ఓగుటు వెళ్ళేటప్పటికి మాస్టారు బతికే ఉన్నారు. బతికి ఉండటమే కాదు, పాట పాడుకుంటున్నారు. తర్వాత ఇంకెవరో వచ్చారు."

క్లెమెంట్ టై సవరించుకున్నాడు. "ఓగుటే తిరిగొచ్చి ఉండొచ్చుగా? ఆ బిళ్ళ చాలదా? నలభై ఏళ్ళ పగ అది."

"బిళ్ళ సంగతే చూద్దాం." అజ్వాంగ్ జేబులోంచి ఒక డబ్బా మూత తీసింది. దానికి తాడు కట్టి ఉంది. "అసలుది సీల్ వేశాం. ఇది నకలు. పెర్పెతువా గారూ, బడిలో బిళ్ళ మీకొచ్చిందనుకోండి. ఎలా పెట్టుకునేవారు?"

పెర్పెతువా అందుకుంది. ఆలోచించనే లేదు. తాడు భుజానికి తగిలించి, మూతను జాకెట్టు లోపల ఎడమ చంక కిందికి తోసేసింది. పైన కొంగు కప్పింది. మూత మాయం.

"దాస్తారేం?"

"దాచకపోతే ఎలా తల్లీ? నా దగ్గర ఉందని తెలిస్తే నా ముందు ఎవడు లువో మాట్లాడతాడు? ఏమీ ఎరగనట్టు తిరగాలి. ఎవడో నోరు జారాలి. అప్పుడు తీసి చేతిలో పెట్టాలి. ఇంకొకళ్ళు తొడగకూడదు. పుచ్చుకున్నవాడే పెట్టుకోవాలి. అది మా బడి రూలు. మాస్టారే పెట్టాడు."

మూత ఓగుటుకి ఇచ్చారు. బేడీల చేతులతోనే చంకలోకి తోశాడు.

మూత క్లెమెంట్ దగ్గరికి వచ్చింది. అతను ముట్టుకోలేదు.

"మీరు తగిలించనక్కర్లేదు సర్," అంది అజ్వాంగ్. "మీరు ఎలా వేస్తారో నాకు తెలుసు. నేనూ అలాగే వేస్తాను. మా కిసుము బడిలో మెడలోనే వేసేవాళ్ళు. అందుకే శవాన్ని చూసినప్పుడు నాకు తేడా తెలియలేదు. ఒక రోజంతా పోయింది. ఈ ఊరి బడిలో చదివిన ఏ ఒక్కడూ బిళ్ళను మెడలో వెయ్యడు. ఓగుటు పగతోనే చంపి ఉంటే, చంకలో పెట్టేవాడు. లేదా చేతిలో పెట్టేవాడు."

ఆమె మాస్టారి కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడింది.

"మాస్టారు రూల్ ప్రకారం గుండీలు విప్పి, తానే చంకలో పెట్టుకున్నారు. బనీను మీద తారు మరక అక్కడే ఉంది. ఆయన పడినప్పుడు తాడు బయటికొచ్చింది. వచ్చినవాడు లాగి చూశాడు. బిళ్ళ! ఆ కథ అందరికీ తెలిసిందే. ఓగుటు ఇక్కడికి వచ్చి వెళ్ళాడని అర్థమైంది. నేరం అతని మీదికి పోతుందని మెడలో వేశాడు. ఈ బడి ఎరగనివాడే ఆ పని చేస్తాడు."

"ఈ బడి ఎరగనివాళ్ళు దేశం నిండా ఉన్నారు," అన్నాడు క్లెమెంట్.

"నిజమే. కానీ ఆ తాడుకి తారు పచ్చిగా ఉంది. పట్టుకున్న చేతికి అంటుతుంది. సబ్బుతో పోదు. కిరసనాయిలుతో రుద్దాలి. కప్పు నిండా సోలార్ ఉన్నవాడికి లాంతరు దేనికి సర్?" ఆమె చెయ్యి చాపింది. "కారు తాళాలు."

బరాసా బయటికి వెళ్ళాడు. కారు తలుపు చప్పుడు. తిరిగొచ్చేటప్పుడు అతని ముఖంలో వెటకారం లేదు.

"డ్రైవరు సీటు బెల్టు మీద ఉంది మేడమ్. బొటనవేలంత తారు. అందులో రెండు కిత్తనార పోగులు."

క్లెమెంట్ మెల్లగా ఆ దుమ్ము కుర్చీలో కూర్చున్నాడు.

"శనివారం చదవాల్సిన ప్రసంగం వినిపించడానికి వచ్చాను," అన్నాడు. "ఆయన గుమ్మంలో పాడుతున్నారు. నన్ను చూసి లువోలో మొదలుపెట్టారు. ఇంగ్లీషులో చెప్పండి సార్ అన్నాను. వినలేదు. గేటు మీద నా పేరు వద్దు అని మాత్రం ఇంగ్లీషులో అన్నారు. మళ్ళీ లువో. నవ్వుతున్నారు. నన్ను చూసి నవ్వుతున్నారనుకున్నాను. అందరూ అలాగే నవ్వుతారు. నా భుజం పట్టుకున్నారు. విదిలించుకున్నాను. గట్టిగా తోశాను. అంతే. చంపాలని కాదు. దేవుడి సాక్షిగా చంపాలని కాదు."

"ఓగుటుని ఉరికి పంపాలనీ కాదా?"

అతను కఫ్‌లు కిందికి లాక్కున్నాడు. తర్వాత తల ఎత్తాడు.

"ఆయన ఒక్క మాటే పదేపదే అన్నారు మేడమ్. నా చెవుల్లో అదే తిరుగుతోంది. 'బెద్ పిన్, న్యాథినా.' ఏమిటి దానర్థం?"

పెర్పెతువా ముఖం పక్కకు తిప్పుకుంది. ఓగుటు కళ్ళు మూసుకున్నాడు.

అజ్వాంగ్ అతను కూర్చున్న కుర్చీ వైపు చూసింది.

"కూర్చో బిడ్డా," అంది. "కూర్చోమన్నారు. అంతే."

*

జీపు వెళ్ళిపోయింది. పెర్పెతువా ముక్కు చీదుకుంటూ తన ఇంటికి నడిచింది. ఓగుటు మణికట్లు రుద్దుకుంటూ నల్లబల్ల ముందు నిలబడ్డాడు.

"రేపు కోర్టు లేనట్టేనా మేడమ్?"

"నీకు లేదు."

"ఆ గీత అలాగే ఉంది," అన్నాడు బల్ల చూపిస్తూ. "ఇంట్లో ఉన్న ముసలాయన. తెడ్డు పడకుండానే పోయాడు."

అజ్వాంగ్ సుద్దముక్క తీసుకుంది. దాని మీది దుమ్ము ఊదింది. గీత మీద ఒకే ఒక్క మాట రాసింది. లువోలో. రాసి, పైకి చదివింది.

"పాడాడు."

ఓగుటు ఆ మాట వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు.

"ఒడ్డున మావాళ్ళు చేప కాలుస్తుంటారు. రండి మేడమ్. ఒక్కరే ఏం తింటారు ఇంటికెళ్ళి? అన్నట్టు, బిళ్ళ ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే. అది ఎవిడెన్స్."

"ఇందాక లువో మాట్లాడింది కూడా మీరే." ఈసారి అతను పళ్ళు కనబడేలా నవ్వాడు. "రూల్ రూలే మేడమ్. ఎవరి కంటా పడనివ్వకండి."

అజ్వాంగ్ నవ్వబోయింది. ఆమె కుడిచెయ్యి దానంతటదే ఎడమ చంక కిందికి వెళ్ళింది.